నాలుగు రసీదులు

సోమవారం తపాలా సంచి ఎప్పుడూ రెండు రోజుల బరువు మోసుకొస్తుంది. క్రీడాశాఖ ప్రధాన కార్యాలయంలో మొదటి అంతస్తు చివరి గదిలో, కిటికీ పక్క బల్ల మీద, తపాలా అక్క ఆ సంచిని బోర్లించి కవర్లను మూడు దొంతరలు చేసింది. ప్రభుత్వ ముద్ర ఉన్నవి ఒకటి, టైపు చేసిన చిరునామాలవి ఒకటి, చేతిరాతవి ఒకటి. పదకొండేళ్లుగా అదే కుర్చీలో ఉత్తరాలు తెరుస్తున్న మనిషి. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను తపాలా అక్కా అనే పిలుస్తారు. మొదట్లో కాస్త చిరాకు పడేది కానీ ఇప్పుడు అలా పిలవకపోతేనే తనను కాదేమో అనుకుంటుంది.

చేతిరాత కవర్లను ఆమె చివరికి ఉంచుకుంటుంది. వాటితో పని తక్కువ. శిక్షణ కేంద్రాల్లో ఉండే ఆటగాళ్లు శాఖకు ఏం రాసుకున్నా తమ కోచ్ ద్వారానే పంపాలి. కోచ్ సంతకం, ముద్ర లేని ఉత్తరానికి ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేయకూడదు. అరచెయ్యంత అచ్చు చీటీ ఒకటి దానికి గుండుసూదితో గుచ్చి, తేదీ వేసి, సంతకం పెట్టి వెనక్కి పంపెయ్యాలి. తిరుగుచీటీ అంటారు దాన్ని. 'మీ ఉత్తరం అందినది. నిర్ణీత మార్గంలో రానందున పరిశీలనకు స్వీకరించబడలేదు. తగు అధికారి ద్వారా తిరిగి పంపగలరు.' ఇరవై ఏళ్ల కిందట సూపరింటెండెంటు గారు స్వయంగా రాసిన ముసాయిదా అది. మూడే మూడు వాక్యాలు, ఒక్క అక్షరం తీసెయ్యి చూద్దాం అని ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటారు.

ఆ ఉత్తరాలను అక్క చదవదు. ముద్ర ఉందా లేదా చూస్తే చాలు. ఆ రోజు మాత్రం చీటీల కట్ట అయిపోయింది. స్టోరు నుంచి కొత్త కట్ట వచ్చేలోపు ఒక ఉత్తరం చేతిలోనే ఉండిపోయింది. చేతిలో ఉన్న కాగితం మీద కళ్లు పడకుండా ఎంతసేపని ఉంటాయి.

రాసింది ఒక పరుగుల పిల్ల. గీతల కాగితం మీద, పరీక్ష రాసినట్టు, మార్జిను వదిలి మరీ రాసింది. 'నా కుడి పాదంలో ఎముక చిట్లింది. నొప్పి తెలియకుండా సూది వేసి పరిగెత్తిస్తున్నారు. మానేసి వెళ్లిపోతానంటే నా చదువు సర్టిఫికెట్లు కోచ్ గారు తమ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. వచ్చే ఆదివారం మళ్లీ ఎంపిక పరుగు ఉంది. ఇది నా అయిదో ఉత్తరం. ముందు నాలుగూ మీకు చేరాయని అమ్మ చెప్పింది. ఎవరైనా ఒక్కసారి వచ్చి నా కాలు చూడండి.'

చేరాయని అమ్మ ఎలా చెప్పిందో అక్కకు అంతుపట్టలేదు. ఆలోచించే వ్యవధి కూడా దొరకలేదు. సూపరింటెండెంటు గారు ఒక లావుపాటి కాగితాల కట్టతో వచ్చి బల్ల అంచున కూర్చున్నారు. పదిహేడు దేశాల ప్రభుత్వాలు కలిసి ఆటల్లో మనుషుల హక్కుల గురించి ఒక ఒప్పందం రాసుకుంటున్నాయనీ, శుక్రవారం ఈ ఊళ్లోనే సమావేశమనీ ఆమెకు తెలుసు. కారిడార్లకు రంగులు వేయడం వారం నుంచి చూస్తూనే ఉంది. ఒక్కో ప్రభుత్వం నలభై రెండు ప్రశ్నలకు జవాబులిచ్చి, మిగతావాళ్ల ముందు పెట్టాలట. పందొమ్మిదో ప్రశ్న రిజిస్టర్లకు సంబంధించింది కాబట్టి ఆమె వాటా. గత రెండేళ్లలో ఆటగాళ్ల నుంచి అందిన ఫిర్యాదులెన్ని?

"సున్నా వేసెయ్ అమ్మాయ్. పోయినసారీ అదే వేశాం" అన్నారాయన.

ఆమె పెన్సిలుతో సున్నా చుట్టింది. పిల్ల ఉత్తరాన్ని, చీటీ లేదు కాబట్టి, సొరుగులో పెట్టింది.

*

మంగళవారం పదకొండు గంటలప్పుడు, ఎవరో ఇస్త్రీ ఆవిడ వచ్చి గంట నుంచి బెంచీ మీద కూర్చుందనీ, తపాలా చూసే అమ్మగారు కావాలంటోందనీ అటెండరు వచ్చి చెప్పాడు.

యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. మణికట్ల మీద గోధుమరంగు మచ్చలు, పెట్టె అంచు తగిలి కాలినవి, పాతవీ కొత్తవీ. కూర్చోమంటే కుర్చీ అంచున ఆనుకుంది. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి నాలుగు చీటీలు తీసి, పేకముక్కలు పరిచినట్టు బల్ల మీద వరసగా పెట్టింది.

"రసీదులమ్మా. నాలుగూ ఉన్నాయి. ఒక్కటీ పోగొట్టలేదు."

గుండుసూది చిల్లు తప్ప ఆ చీటీల మీద చిన్న మడత లేదు. ఇస్త్రీ చేసినట్టున్నాయే అనుకుంది అక్క. నిజంగానే ఇస్త్రీ చేసినవి. నలిగిన కాగితం ఆఫీసులో చూపిస్తే బాగుండదని, పైన పలచటి గుడ్డ కప్పి, పెట్టె తేలిగ్గా ఆనించానని ఆవిడే చెప్పింది. చదువు రాదు. కూతురికి ఆదివారం పది నిమిషాలే ఫోను ఇస్తారు, పక్కన ఎవరో నిలబడి ఉంటారు. నెలకోసారి చూడ్డానికి వెళ్లినప్పుడు పిల్ల ఉత్తరం రాసి చేతిలో పెడుతుంది, ఈవిడ తెచ్చి డబ్బాలో వేస్తుంది. పది రోజులకు ఆఫీసు నుంచి ముద్రతో, సంతకంతో కాగితం వస్తుంది. పుచ్చుకున్నారన్నమాట.

ఉత్తరాలు కూడా వెనక్కి వచ్చాయి కదా అని అక్క నెమ్మదిగా అడిగింది.

"వచ్చాయి. నకలు మాకు పంపారనుకున్నా. అసలు మీ దగ్గరే ఉంటుంది కదా."

అక్క చీటీల మీదికి వంగి చూసింది. నాలుగు చీటీల కిందా ఉన్నది తన సంతకమే. చివర తోక కాస్త పైకి లేపి గీస్తుంది. డిగ్రీ చదివే రోజుల్లో మోజుపడి నేర్చుకున్న తోక.

ఆవిడ ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. గొంతు పెంచలేదు. తొందర పెడుతున్నానని అనుకోవద్దంది. ఎనిమిది నెలలైందనీ, ఎంతమంది కాగితాలో ఉంటాయి కాబట్టి ఆలస్యం మామూలేననీ తనే సర్దిచెప్పింది. ఆదివారం పిల్లని మళ్లీ పరిగెత్తిస్తారట. ఆ కాలితో పరిగెత్తితే ఇంక నడకే మిగలదని ఎవరో డాక్టరు అన్నాడట. "మీ దగ్గర వరసలో ఉండే ఉంటుంది. కాస్త ముందుకి జరపగలరేమోనని" అంది.

అవి రసీదులు కావని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. "చూస్తానమ్మా" అంది అక్క.

ఆవిడ చీటీలను మళ్లీ కవరులో పెట్టుకుని, దండం పెట్టి, మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. వేరే ఆఫీసుల్లో అయితే కాగితమే తీసుకోరట. ఇక్కడివాళ్లు మర్యాదస్తులంది.

*

బుధవారం పొద్దున వంటింట్లో కూరగాయలు తరుగుతూ అక్క ఈ సంగతంతా అత్తగారికి చెప్పింది. అత్తగారికి చెవి కొంచెం మందం. అయినా వినాల్సింది మాత్రం ఎప్పుడూ వినిపిస్తుంది.

"ఇంతకీ ఆవిడకి ఏం చెప్పావు?"

"చూస్తానన్నాను అత్తయ్యా."

"కళ్లజోడు మార్పించరా అంటే మీ ఆయన కూడా చూస్తాననే అంటాడు. మూడేళ్లయింది. వాడికి బాగానే కనిపిస్తోంది మరి."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. అత్తగారు కత్తిపీట పక్కకి జరిపి, తొక్కలు ఒక చోటికి ఊడుస్తూ అడిగింది, అవి రసీదులు కావని ఎందుకు చెప్పలేదని. నోరు రాలేదంది అక్క. కష్టపడి ఇస్త్రీ చేసి తెచ్చుకుంది, ఆ మొహం మీద ఎలా చెప్పమంటారంది.

"చెప్పుంటే తిట్టిపోసి ఇంకో గుమ్మం తొక్కేది. ఇప్పుడు ఆ ముక్కలు పట్టుకుని ధీమాగా ఇంట్లో కూర్చుంటుంది. ఆదివారం దాకా." అంతే అని అత్తగారు తొక్కల పళ్లెం పట్టుకుని లేచింది.

ఆ పూట ఆఫీసుకు వెళ్లగానే అక్క ఇన్‌వర్డ్ రిజిస్టరు జోలికి పోలేదు. గోడ బీరువా కింది అరలోంచి అవుట్‌వర్డ్ రిజిస్టరు తీసింది. రెండు సంపుటాలు, మూలలు అరిగి పీచు లేచినవి. ఉత్తరానికి నంబరు లేకపోయినా, తిరిగి పంపేటప్పుడు చీటీకి నంబరు పడుతుంది. బయటికి పోయే ప్రతి కాగితానికీ నంబరు ఉండాలన్నది ఇంకో రూలు. విషయం అన్న గడిలో తను 'తి.చీ.' అని రెండక్షరాలు రాసుకుంటూ వచ్చింది. స్కేలు అడ్డంపెట్టి ఒక్కో వరుసా దింపుతూ, తి.చీ. కనిపించిన చోటల్లా పెన్సిలు చుక్క పెట్టింది. చుక్కలు పెరుగుతున్న కొద్దీ చిరునామాలు కూడా కనిపించాయి. ఒక ఈతపిల్లాడి ఇంటికి ఆరుసార్లు వెళ్లింది చీటీ, ఏడోసారి వెళ్లలేదు. ఒక జిమ్నాస్టిక్స్ కేంద్రం నుంచి ఒకే వారంలో ముగ్గురు. ఆ తరువాత ఆ కేంద్రం నుంచి ఏమీ లేదు. మధ్యాహ్నానికి ముప్ఫయి ఒకటి తేలింది. కింది నుంచి పైకి మళ్లీ లెక్కపెట్టింది. ముప్ఫయి ఒకటే.

సూపరింటెండెంటు గారు భోజనం డబ్బా విప్పుతుండగా వెళ్లి చెప్పింది. ఆయన మొదట తమాషాగా తీసుకున్నారు. ఫిర్యాదు అంటే నంబరు పడ్డదనీ, నంబరు పడనిది మన దృష్టిలో రానట్టేననీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"రానిదాన్ని ఎలా తిప్పి పంపాం సార్? పంపినదానికి నంబరుంది. ముప్ఫయి ఒక్క నంబర్లున్నాయి."

ఆయన చెయ్యి డబ్బా మీదే ఆగింది. పై నెలలో ప్రమోషన్ల జాబితా వస్తోందనీ, అందులో ఆమె పేరు రెండోదనీ గుర్తుచేశారు. అందులో బెదిరింపు లేదు. నిజంగానే గుర్తుచేశారు. తరువాత కాస్త నొచ్చుకున్న గొంతుతో అన్నారు: "నేను చేరిన కొత్తలో ఇలాంటి ఉత్తరాలు చెత్తబుట్టలో వేసేవాళ్లు అమ్మాయ్. పాపం రాసినవాళ్లకి ఏదో ఒక జవాబు వెళ్లాలని నేనే ఆ చీటీ పెట్టించాను. ఇప్పుడు నువ్వు నా చీటీ మీదే పడ్డావు."

ఆమె ఇస్త్రీ ఆవిడ సంగతి చెప్పింది. పలచటి గుడ్డ కప్పి పెట్టె ఆనించిన సంగతి కూడా. ఆయన ముద్ద ముట్టకుండానే డబ్బా మూత పెట్టేశారు.

ఆ సాయంత్రం రెండు సంపుటాలూ ఆయన బల్ల మీదికి తెప్పించుకున్నారు. అయిదున్నరకు అవి తిరిగొచ్చినప్పుడు, అక్క పెట్టిన ప్రతి చుక్క పక్కనా ఇంకో చుక్క ఉంది. జవాబు పత్రం మార్జినులో ఆయన పొట్టి సంతకం, కింద పెన్సిలు అక్షరాలు: 'సరిచూశాను. 31.'

*

గురువారం కమిషనర్ మేడమ్ ఇద్దర్నీ పిలిచారు. మేడమ్ బల్ల మీద కాగితం ముక్క ఉండదు. ఏది వచ్చినా అక్కడికక్కడే తేల్చి పంపిస్తారని పేరు. ఆ రోజు ఒకే ఒక ఫైలు ఉంది.

మిగతా దేశాల జవాబులు ముందే వచ్చాయన్నారు. పదహారు సున్నాలు. వాటి పక్కన మన ముప్ఫయి ఒకటి ఎలా ఉంటుందో ఎవరైనా ఆలోచించారా అని అడిగారు. నిర్ణీత మార్గంలో వచ్చినవి మాత్రమే ఫిర్యాదులు అని కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ పెట్టి సున్నా వేస్తే సరిపోతుందని మేడమ్ అన్నారు. అన్నది కోపంగా కాదు, అలవాటైన పని చక్కబెట్టినట్టు అన్నారు.

అక్క చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"మార్చమంటే జవాబు మారుస్తాను మేడమ్. రిజిస్టరు మార్చలేను. పేజీలకి నంబర్లున్నాయి."

ఫైలులో ఒప్పందం ముసాయిదా ఉంది. ఏ ప్రభుత్వమైనా ఇంకో ప్రభుత్వం రిజిస్టర్లు చూడాలని అడగవచ్చు, కాదనడానికి వీల్లేదు అన్నది అందులో ఎనిమిదో అంశం. మేడమ్ ఆ పేజీ తీసి మళ్లీ చదువుకున్నారు. కలం మూత రెండుసార్లు పెట్టి తీశారు. ముప్ఫయి ఒకటి అని చెప్పి తలదించుకోవడం ఒక అవమానం, సున్నా అని చెప్పి దొరికిపోవడం రెండు అవమానాలు అని గొణుక్కుని, సంతకం చేసేశారు. రేపు రిజిస్టర్లు పట్టుకుని వెనక కూర్చోమన్నారు అక్కతో. ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పొద్దన్నారు.

బయటికి వచ్చాక సూపరింటెండెంటు గారు గోడకు ఆనుకుని నిలబడి ఊపిరి పీల్చుకున్నారు. "రిటైరయ్యే ముందు నాకీ వ్యాయామం అవసరమా అమ్మాయ్" అన్నారు. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది.

*

శుక్రవారం సమావేశం. గుర్రపు నాడా ఆకారంలో బల్లలు, చెవుల్లో దుబాసీల గొంతులు, ప్రతి ప్రతినిధి వెనకా ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్న ఒక మనిషి. అక్క కూడా అలా కూర్చున్న పదిహేడుమందిలో ఒకరు. రెండు రిజిస్టర్లూ మోకాళ్ల మీద మోస్తుంటే కాళ్లు తిమ్మిరెక్కాయి.

పందొమ్మిదో ప్రశ్న వంతు వచ్చేసరికి తెర మీద పట్టిక వేశారు. సున్నాల వరుస మధ్యలో ముప్ఫయి ఒకటి, తెల్ల చొక్కా మీద సిరా మరకలా ఉంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒక దేశం ప్రతినిధి, చాలా మర్యాదగా, ఇన్ని ఫిర్యాదులు రావడానికి శిక్షణలో లోపమేమైనా ఉందా అని అడిగాడు. మేడమ్ మెడ వెనక భాగం ఎర్రబడడం అక్కకు కనిపించింది. పరిశీలిస్తున్నామని ఒక్క ముక్క చెప్పారు మేడమ్. వెనక్కి తిరిగి చూడలేదు. ప్రమోషన్ జాబితాలో రెండో పేరు గాల్లో కలిసిపోయినట్టేనని అక్క అప్పుడే అనుకుంది.

టీ విరామంలో అందరూ లేచి వెళ్లారు. అక్క రిజిస్టర్లు వదిలి వెళ్లకూడదు కాబట్టి కూర్చునే ఉంది. ఎదుటి వరుసలోంచి ఒక బట్టతల మనిషి, తన ప్రతినిధి వెనక ఫైళ్లు మోసేవాడు, దుబాసీ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏదో అడిగాడు. ముప్ఫయి ఒకటి ఎలా లెక్కపెట్టారో చూపిస్తారా అంటున్నారంది దుబాసీ.

అడిగితే తప్ప నోరు విప్పొద్దన్నారు. ఇప్పుడు అడిగారు. అక్క రిజిస్టరు తెరిచి, చుక్కలు చూపించి, ఒక తిరుగుచీటీ తీసి ఇచ్చింది. మూడు వాక్యాలూ దుబాసీ చదివి చెబుతుంటే అతను చీటీనే చూస్తూ నిలబడ్డాడు. తరువాత తన ఫైలు అడుగు నుంచి ఒక చీటీ తీసి, దాని పక్కన పెట్టాడు. అదే కొలత. మూడు వరుసలు. తేదీకి ఖాళీ, సంతకానికి ఖాళీ.

"వాళ్లది పసుపు రంగులో ఉంటుందట" అంది దుబాసీ. అతను ఇంకేదో, గొంతు బాగా తగ్గించి అన్నాడు. దుబాసీ కూడా గొంతు తగ్గించి చెప్పింది: "మా దేశం సున్నా నేనే వేశాను అంటున్నారు."

అక్క జరిగి పక్క కుర్చీ చూపించింది. అతను కూర్చున్నాడు. స్కేలు ఎలా అడ్డం పెట్టాలో, కింది నుంచి పైకి ఎందుకు ఇంకోసారి లెక్కపెట్టాలో ఆమె చెప్పింది. మధ్యలో దుబాసీ మాటలు అందుకునేలోపే ఇద్దరూ వేళ్లతో ముందుకు వెళ్లిపోయారు. టీ గంట మోగేసరికి వాళ్ల చుట్టూ మరో ఇద్దరు ఫైళ్లవాళ్లు నిలబడి ఉన్నారు.

విరామం తరువాత మొదట ఆ బట్టతల మనిషి దేశమే, పందొమ్మిదో జవాబు వెనక్కి తీసుకుంటాం, రెండు నెలల గడువు కావాలి అంది. ఆ వెనక ఇంకొకటి. సాయంత్రానికి పట్టికలో ఆరు సున్నాలు చెరిపేసి ఖాళీ గడులు పెట్టారు. మిగతా పదీ అలాగే ఉన్నాయి. ఉత్తరం ఏ దారిన వచ్చినా నంబరు వెయ్యాలన్న మాట ఒప్పందంలో చేర్చాలని ఎవరో ప్రతిపాదిస్తే, అది తమ శాఖ ఈ వారమే మొదలుపెట్టిన పద్ధతని మేడమ్ లేచి చెప్పారు. ఆ మాట పూర్తయ్యాక మాత్రం వెనక్కి తిరిగి అక్క వైపు చూశారు.

అక్క ఆ చూపుని వృథా పోనివ్వలేదు. హాలు ఖాళీ అవుతుండగా, సొరుగులోంచి వెంట తెచ్చుకున్న పిల్ల ఉత్తరం తీసి ముందు పెట్టింది. మొదలుపెట్టామన్నారు కదా మేడమ్, ఇది మొదటిది అంది. మేడమ్ నిలబడే చదివారు. ఆదివారం అన్న మాట దగ్గర కళ్లు ఆగాయి. బయటి డాక్టరు చూసేదాకా పరిగెత్తించరాదు, సర్టిఫికెట్లు అడిగిన వెంటనే తల్లికి అప్పగించాలి అని అక్కడే, ఒక మూల బల్ల మీద, సూపరింటెండెంటు గారి చేత ఉత్తర్వు రాయించి సంతకం చేశారు. ఆయన రాసింది రెండు వాక్యాలే. ఈసారి ఒక వాక్యం తగ్గిందని ఆయనే అన్నారు.

*

మామూలుగా అయితే ఉత్తర్వు తపాలాలో వెళుతుంది. సోమవారం బయలుదేరి బుధవారం చేరుతుంది. అక్క శనివారం పొద్దున ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఆ ఉత్తరానికి నంబరు వేసి, రసీదు రాసి, ఉత్తర్వు కవరును తన చేతిసంచిలో పెట్టుకుని, ఇస్త్రీ అంగడి వెతుక్కుంటూ వెళ్లింది.

సందు మూల మీద రేకుల పంచ. ఒక బల్ల, దాని మీద మడతలు పెట్టిన దుప్పటి, ఒక పక్క చొక్కాల మూట. ఆవిడ ఒక కాలరు మీద పెట్టె నడిపిస్తోంది. అక్కను చూసి పెట్టె నిలబెట్టి, స్టూలు తుడిచి వేసింది.

అక్క కూర్చోలేదు. రసీదు ఇచ్చి, నంబరు చదివి వినిపించింది. ఉత్తర్వులో ఏముందో చెప్పింది. ఆవిడ మొహం విప్పారుతుండగానే, ఇంక ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి, అనేసింది.

"ఇదొక్కటే రసీదమ్మా. ముందు నాలుగూ రసీదులు కావు."

ఆవిడ బల్ల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగు చీటీలూ బయట పెట్టింది. "చదువు" అంది. అంతకుముందు మీరు అని పిలిచిన మనిషి.

అక్క చదివింది. మూడు వాక్యాలు. ఆవిడ రెండో చీటీ ముందుకు జరిపింది. అదీ అదేనమ్మా అనబోయి, అనలేక, తేదీతో సహా చదివింది. మూడోది, నాలుగోది. చదువుతున్నంతసేపూ ఆవిడ పెట్టె మళ్లీ అందుకుని కాలరు మీద నడిపిస్తూనే ఉంది, అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి. స్వీకరించబడలేదు అన్న మాట నాలుగోసారి వచ్చినప్పుడు పెట్టె ఆగింది.

"ఎనిమిది నెలలు" అంది. తరువాత, "ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"దీని మీద?"

"ఇది కూడా నాదే అమ్మా."

ఆవిడ రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. అక్షరాలు రాకపోయినా పైకి లేచిన తోకను వేలితో తాకింది. అక్క తిట్టు కోసం ఎదురుచూసింది, వస్తే బాగుండుననిపించింది. రాలేదు. ఆవిడ కొత్త రసీదును పైన పెట్టి, పాత చీటీలు కింద ఉంచి, అయిదింటినీ కలిపి కవరులో పెట్టింది. పాతవి ఎందుకమ్మా అని అడిగింది అక్క.

"ఉండనీ. మా పిల్ల వచ్చాక చదివిస్తా. నువ్వు చదివింది నిజమో కాదో చూస్తా."

అంది కానీ, చొక్కాల మూట మీద దుప్పటి కప్పింది. పెట్టె చల్లారడానికి ఇటుక మీద నిలబెట్టింది. ఒక గిరాకీ వచ్చి తన బట్టల సంగతి అడిగితే రేపనేసింది. చెప్పులేసుకుని, కవరు చంకన పెట్టుకుని సందులోకి దిగి నాలుగడుగులు నడిచాక, అక్క ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి ఆగింది.

"ఆ కోచ్ ముందు కూడా ఇలాగే చదవాలి. గట్టిగా. పద."